నిలకడా, వేగమా? చెన్నై నీళ్లకు తగిన ఫిషింగ్ కయాక్‌ను ఎంచుకోవడం ఎలా

ఫిషింగ్ కయాక్, అంటే కూర్చుని తెడ్డేస్తూ చేపలు పట్టే చిన్న పడవ, కొనబోయేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "తిరగబడదు కదా?" రెండో ప్రశ్న కొన్నాక పుడుతుంది: "ఎంత తెడ్డేసినా కదలదేంటి?" మొదటి ప్రశ్నకు భయపడి షాపులో ఉన్నవాటిలో అన్నిటికంటే వెడల్పాటిది కొన్నవాళ్లకే రెండోది ఎక్కువగా ఎదురవుతుంది. వెడల్పు పెంచితే నిలకడ వస్తుంది, దాంతోపాటు నీటిని తోసుకుపోయే శ్రమ కూడా పెరుగుతుంది. సన్నగా, పొడుగ్గా ఉంటే సాఫీగా సాగుతుంది గానీ, పక్కకు వంగి చేపను అందుకునేటప్పుడు గుండె గుబేలుమంటుంది. రెండూ నిండుగా ఒకే పడవలో దొరకవు. అందుకే షాపు గడప తొక్కకముందే కొన్ని విషయాలు తేల్చుకోవాలి. చెన్నైలో ఉద్యోగాలు చేసుకుంటూ ఆదివారాలు గాలం పట్టుకుని బయల్దేరే మన తెలుగువాళ్లను మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

ముందు నీళ్లు, తర్వాతే పడవ

మీరు ఎక్కువగా ఎక్కడ వేటాడతారో ముందు నిర్ణయించుకోండి. చెన్నై చుట్టూ మనకు పనికొచ్చే నీళ్లు ప్రధానంగా మూడు రకాలు.

మొదటిది ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద ముట్టుకాడు లాంటి ఉప్పుటేరు. నీళ్లు ప్రశాంతంగా ఉంటాయి, ఒడ్డు ఎప్పుడూ కనుచూపు మేరలోనే ఉంటుంది. ఇక్కడ వేగంతో పెద్ద పని లేదు. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోవాలి: సముద్రంలో కలిసే మొగ తెరుచుకుని ఉన్న రోజుల్లో, పోటు తగ్గి నీళ్లు తీసే పాటు సమయంలో నీరు సముద్రం వైపు లాగుతుంది. మొగ దగ్గరికి మాత్రం నిలకడ ఒక్కదాన్నే నమ్ముకుని వెళ్లకూడదు.

రెండోది నగరానికి ఉత్తరాన ఉన్న పులికాట్, తమిళంలో పళవేర్కాడు. చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఎక్కువ భాగం ఆంధ్రలోనే ఉంది, సూళ్లూరుపేట, తడ వైపు. చూడటానికి సముద్రమంత కనిపిస్తుంది గానీ చాలాచోట్ల లోతు మీటరు మాత్రమే. అక్కడి జాలర్లు తెడ్డు కంటే గడకే ఎక్కువ పని చెప్పేది అందుకే. తిరగబడినా లేచి నిలబడొచ్చు. కానీ ఇంత విశాలమైన నీటి మీద గాలి లేస్తే అడ్డం ఉండదు, పొట్టి అలలు టపటపా కొడతాయి. పైగా సరస్సులో చాలా భాగం పక్షుల అభయారణ్యం. ఎక్కడ దిగొచ్చో అటవీ శాఖవాళ్లనీ స్థానికులనీ అడిగి కనుక్కోవాలి.

మూడోది సముద్రం. కోవళం నుంచి మహాబలిపురం దాకా ఉన్న తీరం. వంజరం, పార లాంటి చేపల కోసం ఆశపడేవాళ్లు ఎప్పటికైనా ఇక్కడికే వస్తారు. లెక్క మొత్తం మారిపోయేది కూడా ఇక్కడే.

చెంబరంబాక్కం, పుళల్ నాలుగో రకం అనుకోకండి. అవి నగరానికి తాగునీళ్లిచ్చే చెరువులు. అనుమతి లేకుండా పడవ దించే చోటు కాదు.

సముద్రంలో వేగం ఎందుకో లెక్క వేసి చూడండి

వేగం అంటే పందేలకు సంబంధించిందని చాలామంది కొట్టిపారేస్తారు. నిశ్చలమైన నీటిలో అయితే వాళ్లు చెప్పేది దాదాపు నిజమే. వెడల్పాటి కయాక్‌లో మీరు గంటకు 4.5 కిలోమీటర్లు, సన్నటిదాంట్లో 5.5 కిలోమీటర్లు వెళ్లగలరనుకోండి. 3 కిలోమీటర్లు వెనక్కి రావడానికి మొదటిదానికి 40 నిమిషాలు, రెండోదానికి 33. ఏడు నిమిషాల తేడాకు ఎవరు బాధపడతారు?

ఇప్పుడు ఎదురుగాలి, ఎదురు నీరు కలిసి గంటకు 3 కిలోమీటర్ల చొప్పున మిమ్మల్ని వెనక్కి నెడుతున్నాయనుకోండి. వెడల్పాటి పడవకు మిగిలింది గంటకు 1.5 కిలోమీటర్లే. ఒడ్డు చేరడానికి రెండు గంటలు. సన్నటిదానికి 2.5 మిగులుతుంది కాబట్టి గంటా పన్నెండు నిమిషాలు. అదే ఒక్క కిలోమీటరు తేడా, ఏడు నిమిషాల నుంచి నలభై ఎనిమిది నిమిషాలకు పెరిగింది. రెండు గంటలు ఆపకుండా తెడ్డేసే సత్తా మనలో ఎంతమందికి ఉంది? ఆఫీసు కుర్చీలో వారమంతా కూర్చునే భుజాలు గంటకే చేతులెత్తేస్తాయి. సముద్రంలో వేగం అంటే ఇంటికి తిరిగొచ్చే శక్తి, అంతే.

చెన్నై తీరంలో ఇది ఊహ కాదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పొద్దున్నే పడమటి గాలి, అంటే నేల మీది నుంచి సముద్రం వైపు వీచే గాలి ఉంటుంది. ఒడ్డు దగ్గర నీళ్లు అద్దంలా కనిపిస్తాయి. వెళ్లేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంటే మన చేతుల్లోనే ఏదో బలం వచ్చినట్టుంటుంది. తిరిగేటప్పుడు తెలుస్తుంది సంగతి. మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరుగుతుంది, అది ఒడ్డుకే నెడుతుంది గానీ అలలు లేపుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, తుపాన్ల కాలం. ఏ కయాక్ అయినా సముద్రంలోకి తీసుకెళ్లకుండా ఉండటమే మంచిది. ఏ రోజైనా బయల్దేరే ముందు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే ప్రభుత్వ సంస్థ ఇచ్చే సముద్ర సూచన చూసుకోండి. అలల ఎత్తు, గాలి దిశ, ప్రవాహం అన్నీ అందులో ఉంటాయి.

నిలబడి గాలం వేస్తారా, కూర్చునే వేస్తారా?

నిజాయితీగా జవాబు చెప్పుకోండి. నిలబడి రాడ్ విసరాలనే కోరిక చాలామందికి విదేశీ వీడియోలు చూసి పుడుతుంది. అక్కడి నీళ్లు తేటగా ఉంటాయి, నిలబడితే చేప కనిపిస్తుంది. మన ఉప్పుటేళ్లలో నీళ్లు తరచుగా మట్టిరంగులో ఉంటాయి. నిలబడినా కనిపించేది మన నీడే. సముద్రంలో అయితే నిలబడటం అనే మాటే తీసేయండి. ఈ తీరంలో తరతరాలుగా కట్టుమరం మీద వెళ్లినవాళ్లు మోకాళ్ల మీద కూర్చునో, గొంతుకూర్చునో తెడ్డేశారు. బరువు కిందికి ఉంటే పడవ నిలుస్తుందని వాళ్లకు ఎవరూ క్లాసు పీకలేదు.

పులికాట్, ముట్టుకాడు లాంటి లోతు తక్కువ చోట్లే ఎక్కువగా తిరుగుతారు, నడుము నొప్పి ఉంది, మధ్యమధ్యలో లేచి ఒళ్లు విరుచుకోవాలి అంటే అది సరైన కారణమే. అప్పుడు 33 నుంచి 36 అంగుళాల వెడల్పు చూడండి. కూర్చునే వేటాడేవాళ్లు ఆ వెడల్పు కోసం డబ్బూ వేగమూ రెండూ పోగొట్టుకోవక్కర్లేదు.

మీ బరువు, సామాను బరువు కలపండి

కయాక్ మీద రాసి ఉండే గరిష్ఠ బరువు, అది మునగకుండా తేలే హద్దు. హాయిగా నడిచే హద్దు అందులో 70 శాతం దగ్గరే ఉంటుందని పెట్టుకోండి. మీరు 82 కిలోలు, రాడ్లు, పెట్టె, లంగరు కలిపి 15, నీళ్లు, టిఫిను 5, ఐసు, పడితే గిడితే చేపలు 8. మొత్తం 110 కిలోలు. దీన్ని 0.7తో భాగిస్తే 157. అంటే 160 కిలోలకు తక్కువ రాసి ఉన్నది మీకు పనికిరాదు. ఎక్కువ బరువేస్తే పడవ లోతుగా కూరుకుని నెమ్మదిస్తుంది, అడుగున ఉండే నీటి రంధ్రాల్లోంచి పైకి నీళ్లొచ్చి సీటు తడుస్తుంది. నిలకడా పోతుంది, వేగమూ పోతుంది.

అంకెలు చదవడం

వెడల్పు గురించి ఒక సూత్రం తెలిస్తే చాలు. పడవ తొలి నిలకడ, అంటే ఎక్కి కూర్చోగానే ఊగకుండా ఉండే గుణం, నీటిగీత (పడవ పక్కన నీళ్లు తాకే గీత) దగ్గరి వెడల్పు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. ఘనం అంటే అదే అంకెను మూడుసార్లు వేసి ఒకదాంతో ఒకటి గుణించడం. 28 అంగుళాలను 34 చేస్తే వెడల్పు పెరిగింది ఐదో వంతు మాత్రమే. నిలకడ మాత్రం, పొడవూ ఆకారమూ ఒకటే అయితే, సుమారు 80 శాతం పెరుగుతుంది. కాబట్టి రెండంగుళాల తేడాను తేలిగ్గా తీసుకోకండి. 30కి, 32కి మధ్య కూడా కూర్చుంటే తేడా తెలుస్తుంది.

వేగానికి పొడవు ముఖ్యం. నీటిని తోస్తూ నడిచే ఏ పడవకైనా ఒక సహజ హద్దు ఉంటుంది. నీటిగీత పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే నాట్లలో (ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు) ఆ వేగం వస్తుంది. 10 అడుగులకు గంటకు 7.8 కిలోమీటర్లు, 12 అడుగులకు 8.6, 14 అడుగులకు 9.3. ఆ వేగాల్లో ఎవరూ గంటలకొద్దీ తెడ్డేయలేరు. మనం మామూలుగా వెళ్లేది 5 కిలోమీటర్ల చుట్టుపక్కలే. కానీ హద్దు ఎంత దూరంగా ఉంటే ఆ 5 కిలోమీటర్లకు అంత తక్కువ చెమటోడుస్తాం. పొడుగుపాటి పడవ తెడ్డు ఆపాక కూడా కాసేపు జారుతూ పోతుంది, ముక్కు అటూ ఇటూ తిరక్కుండా గీసినట్టు వెళ్తుంది. బదులుగా ఇరుకు ఏట్లో తిప్పడం కష్టం.

అడుగు ఎలా ఉందో తిరగేసి చూడండి

చాలామంది చూడని చోటు ఇదే. షాపులో సీటు, కప్పు హోల్డరు, రాడ్ హోల్డర్లు చూసి మురిసిపోతారు. పడవను బోర్లా పెట్టించి అడుగు చూడండి.

నిలకడ రెండు రకాలని గుర్తుపెట్టుకోండి. ఎక్కి కూర్చోగానే అటూ ఇటూ ఊగకుండా ఉండేది తొలి నిలకడ. బాగా పక్కకు ఒరిగాక, ఇక పడిపోతాం అనుకునేసరికి ఎక్కడో ఆగి నిలబెట్టేది మలి నిలకడ. బల్లపరుపు అడుగు ఉన్న కయాక్‌కు తొలి నిలకడ బ్రహ్మాండంగా ఉంటుంది. షాపువాళ్లు చూపించేది, కొనేవాళ్లు మెచ్చుకునేది ఇదే. కానీ అది ఒరగాల్సినంత ఒరిగాక హెచ్చరిక లేకుండా తిరగబడుతుంది. పక్క నుంచి అల వస్తే ఇంకో చిక్కు. వెడల్పాటి బల్లపరుపు అడుగు ఆ అల వాలుకు సమాంతరంగా ఉండాలని చూస్తుంది, అంటే అలతో పాటు మిమ్మల్నీ వంచుతుంది. గుండ్రటి అడుగు, లేదా మధ్యలో కాస్త కోణం తీసిన అడుగు ఉన్నది మొదట కుదురుగా అనిపించదు, కుర్చీలో పిల్లాడిలా మెదులుతూనే ఉంటుంది. అయినా అల కింద నుంచి జారిపోతుంటే అది నిటారుగానే ఉంటుంది.

అందుకే ఉప్పుటేరుకు తొలి నిలకడను, సముద్రానికి మలి నిలకడను చూసి కొనమంటాను. అడుగున రెండు పక్కలా గట్లు, మధ్యలో సొరంగం లాంటి పల్లం ఉన్న రకం కూడా దొరుకుతుంది. నిలబడేవాళ్లకు అది బాగుంటుంది, కానీ నీటికి తగిలే భాగం ఎక్కువ కాబట్టి లాగడం బరువు.

సీటు ఎత్తు కూడా ఇక్కడే చూసుకోండి. ఎత్తు సీటు మోకాళ్లకు సుఖం, కానీ మీ బరువంతా పైకి లేస్తుంది, గాలికి మీ ఛాతీ తెరచాపలా అడ్డం నిలుస్తుంది. రెండు ఎత్తుల్లో మార్చుకోగల సీటు ఉంటే ఒకే పడవ రెండు రకాల నీళ్లకు పనికొస్తుంది. రాడ్ హోల్డరు ఎప్పుడైనా బిగించుకోవచ్చు. సీటు మార్చడం అంత తేలిక కాదు.

నీళ్లలో పరీక్షించకుండా కొనకండి

కోవళం, ముట్టుకాడు వైపు కయాక్‌లు అద్దెకిచ్చేవాళ్లు ఉంటారు. అచ్చం మీరు కొనబోయే మోడలే దొరక్కపోయినా, 28 అంగుళాలది ఒకటి, 33 అంగుళాలది ఒకటి ఎక్కి చూస్తే మీ ఒంటికి ఏది పడుతుందో తెలిసిపోతుంది. లైఫ్ జాకెట్ వేసుకుని, నడుము లోతు నీళ్లలో, పక్కన ఒక మనిషిని పెట్టుకుని ఈ వరసలో చేయండి.

కూర్చుని రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని నడుముతో పడవను అటూ ఇటూ ఊపండి. ఏ దగ్గర ఆగుతుందో గమనించండి. అంచు నీటికి తాకేదాకా ఒరగండి. అక్కడ ఆగి వెనక్కి వస్తే మలి నిలకడ ఉన్నట్టు.

తర్వాత అసలు పని: వెనక్కి తిరిగి సీటు వెనక ఉన్న పెట్టెలోంచి ఏదైనా తీయండి. రెండు కాళ్లూ ఒకే పక్కకు వేలాడేసి కూర్చోండి. వేటలో మీరు మళ్లీ మళ్లీ చేసేది ఇవే. తెడ్డేసేటప్పుడు ఏ పడవైనా నిలకడగానే ఉంటుంది, తెడ్డు పక్కన పెట్టి ఎర గుచ్చుకునేటప్పుడే అసలు రంగు బయటపడుతుంది.

పది తెడ్లు గట్టిగా వేసి ఆపేయండి. ఎంత దూరం జారింది? ముక్కు పక్కకు తిరిగిపోయిందా? తర్వాత గాలికి ఎదురుగా కొంత దూరం వెళ్లండి. గాలి లేని రోజు పరీక్ష సగం పరీక్షే.

చివరగా కావాలని తిరగబడండి. నవ్వుతారేమో, నవ్వనివ్వండి. బోర్లాపడ్డ కయాక్‌ను తిప్పి, కాళ్లు తన్నుకుంటూ బొజ్జ మీద పైకి పాకి, తిరిగి కూర్చోవడం మీకు వచ్చి తీరాలి. ఇక్కడ వెడల్పాటి పడవ ఒక తిరకాసు పెడుతుంది. అది వెల్లకిలా ఎంత నిలకడగా ఉంటుందో బోర్లా కూడా అంతే నిలకడగా ఉంటుంది. నీళ్లలో తేలుతూ 35 అంగుళాల పడవను ఒంటరిగా తిప్పడం సన్నగా ఉండేవాళ్లకు చాలా కష్టం. అంచుకు ఒక పట్టీ కట్టుకుంటే, దాన్ని అడుగు మీదుగా అవతలి నుంచి లాగి తిప్పొచ్చు. అది కూడా ఆ రోజే ప్రయత్నించండి. తిప్పలేకపోతే ఆ పడవ మీది కాదు.

ఇక నా సలహా అడిగితే

ఉప్పుటేరు, పులికాట్ మాత్రమే అనుకునేవాళ్లకు 10 నుంచి 11 అడుగుల పొడవు, 33 నుంచి 35 అంగుళాల వెడల్పు. సముద్రమే అనుకునేవాళ్లకు 13 అడుగుల చుట్టుపక్కల, 28 నుంచి 30 అంగుళాలు, ముక్కు కోసుగా, ఎత్తుగా ఉన్నది. అలలు విరిగే చోటు దాటేటప్పుడు మొద్దు ముక్కు నీళ్లను నెత్తిన పోస్తుంది. రెండు చోట్లా తిరగాలి, ఒక్కటే కొనగలను అంటే 12 అడుగులు, 31 లేదా 32 అంగుళాలు, మార్చుకునే సీటు. అటూ ఇటూ ఊగిసలాడేవాళ్లు ఒక అంగుళం సన్నటిదాని వైపే మొగ్గమంటాను. నిలకడ కొంత అలవాటుతో మన ఒంట్లోనే పెరుగుతుంది. పడవ వేగం అలా పెరగదు.

పెడల్ కయాక్ సంగతేంటి అంటారా? ఈ బేరాన్నే మార్చేసింది అది. 1997లో హోబీ సంస్థ మిరాజ్ డ్రైవ్ తెచ్చాక, కాళ్ల బలంతో వెడల్పాటి పడవను కూడా మంచి వేగంతో నడపడం, చేతులు రాడ్ మీదే ఉంచడం సాధ్యమైంది. ధర, బరువు మాత్రం బాగా ఎక్కువ. పులికాట్‌లో లోతు మరీ తక్కువున్న చోట్ల దాని రెక్కలు నేలకు కొట్టుకుంటాయి. ఒడ్డుకొచ్చేటప్పుడు పైకి తీయడం మరిస్తే ఇసుకలో దిగబడి విరుగుతాయి. మన తీరం పొడుగునా జాలర్లు వలలు వేసి ఉంచుతారు, పైన బెండ్లు తేలుతుంటాయి. పెడల్ రెక్కగానీ చుక్కానిగానీ వాటిలో చిక్కుకుంటే మీకు ఇబ్బంది, వాళ్లకు నష్టం. దిగేముందు ఒడ్డున ఉన్నవాళ్లను "అణ్ణా" అని పలకరించి వలలు ఎటున్నాయో అడిగితే చాలు, వాళ్లే గాలి సంగతి కూడా చెప్తారు.

తెడ్డు మీద పొదుపు చేయకండి. పడవ 30 అంగుళాల లోపుంటే 230 సెంటీమీటర్ల తెడ్డు సరిపోతుంది, 34 అంగుళాలకు 250 దాకా కావాలి. పొట్టి తెడ్డుతో వెడల్పాటి పడవ నడిపితే వేళ్లు అంచుకు రాసుకుంటాయి. తేలికైన మంచి తెడ్డు, వేగాన్ని అన్నిటికంటే చవగ్గా కొనే దారి.

కొన్నాక సర్దుబాట్లు

వెడల్పాటిది కొని నెమ్మదిగా ఉందనుకుంటే ముందు సామాను తగ్గించండి. వెనక భాగంలో ఐసు పెట్టె, లంగరు, బ్యాటరీ అన్నీ పోగేస్తే తోక కూరుకుని నీళ్లను ఈడుస్తుంది. బరువును ముందూ వెనకా సమంగా పంచండి. సన్నటిది కొని ఊగుతోందనుకుంటే నీళ్ల క్యాన్లు అడుగున, సీటుకు దగ్గరగా పెట్టండి, సీటు దించండి. ఇంకా భయమైతే రెండు పక్కలా తేలే బెండ్లు బిగించుకోవచ్చు. ఉప్పుటేటిలో అవి బాగుంటాయి, అలల్లో మాత్రం నీళ్లకు తగిలి అడ్డుపడతాయి.

ఏ పడవకైనా రెండు నియమాలు. లంగరు తాడు ఎప్పుడూ ముక్కుకో తోకకో కట్టాలి. మధ్యలో పక్కకు కడితే ప్రవాహం పడవను అడ్డంగా పట్టి ఒరగేస్తుంది. పెద్ద చేప పడ్డప్పుడు రాడ్ కొసను ముక్కు వైపు తిప్పి పెట్టండి, అప్పుడు చేప పడవను ముందుకు ఈడ్చుకెళ్తుంది గానీ పక్కకు లాగదు. ఈ ఒక్క అలవాటు ఉంటే 28 అంగుళాల పడవలో కూడా వంజరాన్ని తీసుకురావచ్చు. సముద్రంలో ప్రమాదమైతే కోస్ట్ గార్డ్ నంబరు 1554. నీళ్లు చొరని కవరులో ఫోను మీ ఒంటి మీదే ఉండాలి, పడవలో కాదు.

పొడవు విషయంలో ఇంటి సంగతి కూడా చూసుకోండి. స్విఫ్ట్ లాంటి కారు పొడవు 3.86 మీటర్లు. 12 అడుగుల కయాక్ 3.66 మీటర్లు, పైన కుదిరిపోతుంది. 14 అడుగులది 4.27 మీటర్లు, ముందూ వెనకా బయటికి పొడుచుకొస్తుంది. ప్లాస్టిక్ కయాక్‌లు 30 నుంచి 50 కిలోల దాకా తూగుతాయి, అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఏదీ పట్టదు. కింద పార్కింగ్‌లో గోడవారన చోటిస్తారేమో అసోసియేషన్‌ను కొనకముందే అడగండి.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు మరొకటి చూడాలి. చెన్నై మే నెల ఎండలో కారు మీద పట్టీలు బిగించి వదిలేసిన కయాక్ అడుగు లోపలికి సొట్టపోతుంది. అంచుకు కన్ను ఆనించి అడుగు పొడుగునా చూస్తే వంకరలు తెలుస్తాయి. అలాంటిది గీసినట్టు వెళ్లదు, ఎంత సన్నగా ఉన్నా వేగం రాదు. చిన్న సొట్టలైతే ఎండలో కాసేపు ఉంచి లోపలి నుంచి నెడితే చాలావరకు సర్దుకుంటాయి. సీటు కిందో, నీటి రంధ్రాల చుట్టూనో పగుళ్లుంటే మాత్రం ధర ఎంత తగ్గించినా తీసుకోకండి.